రెప్ప లోపలి రంగు

ఆ ఏడు మంచు ఎంతకీ వదలడం లేదని మేస్త్రి అనుకునేవాడు. పొద్దున లేచి పెరటి తలుపు తీస్తే లోకమంతా పల్చటి గంజిలో ముంచి తీసినట్టు కనిపించేది. గోడల అంచులు మెత్తబడిపోయేవి. మేకల కొట్టం పైకప్పు నేలకు సంబంధం లేకుండా గాలిలో తేలుతూ ఉండేది. నీళ్ళ తొట్టి దగ్గర వెలిగే దీపం చుట్టూ పళ్ళెమంత వెలుగు, ఆ వెలుగు చుట్టూ మరో వెలుగు. బాగానే ఉందే, అనుకునేవాడు. వయసు మీద పడ్డాక లోకం కాస్త మెత్తబడితే ఎవరికి చేదు?

మంచూ లేదు, మన్నూ లేదు. ఆయన రెండు కళ్ళల్లో శుక్లాలు ముదురుతున్నాయి. ఆ సంగతి ఆయన భార్యకు తెలుసు. కూతురికి అనుమానం, ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నా, కళ్ళు చూపించుకున్నావా?" అని అడిగేది. "నా కళ్ళకేమైందే, నీ కళ్ళు చూపించుకో" అని ఈయన ఫోన్ పెట్టేసేవాడు. చెబితే ఒప్పుకునే ఘటం కాదు లెండి.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, రంగుల మేస్త్రి. నూలుకు రంగులద్దే కార్ఖానాలో ముప్పై ఎనిమిదేళ్ళు తొట్ల మధ్య తిరిగినవాడు. మనలాంటివాళ్ళం నీలం అని ఊరుకునే చోట ఆయన పద్నాలుగు నీలాలు చెబుతాడు. అలాంటివాణ్ణి కట్టుకున్న ఆవిడ గతేమిటో మీరే ఊహించుకోండి. కొత్తలో ఆవిడ "ఆ పచ్చ చొక్కా వేసుకోండి" అంటే "పచ్చ కాదే, అది పాచి రంగు" అనేవాడు. మర్నాడు ఆవిడ "పోనీ ఆ పాచి రంగుది" అంటే "ఇది చిలకపచ్చ, నీకు కళ్ళున్నాయా అసలు?" అనేవాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆవిడ రంగుల ఊసే మానేసింది. మేకుకు తగిలించింది, బొత్తాం ఊడింది, జేబు చిరిగింది అని చొక్కాలకు గుర్తులు చెప్పడం నేర్చుకుంది. కాపురం అన్నాక ఎవరో ఒకరు సర్దుకుపోవాలి కదా.

ఇక మేకల సంగతి. నూలుకు రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు పడాలి. అందుకని కార్ఖానా వెనక ఉప్పు బస్తాలు నిలువెత్తున పేర్చి ఉండేవి. ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చేదో, ఒక నల్ల మేకపిల్ల రోజూ వచ్చి ఆ బస్తాలు నాకేది. కాపలావాడు కర్ర ఎత్తితే పరుగెత్తుకొచ్చి మేస్త్రి కాళ్ళ మధ్య దూరేది. కార్ఖానాకు తాళం పడ్డ రోజు అందరూ తలా ఒక వస్తువు గుర్తుగా పట్టుకుపోయారు. మేస్త్రి రంగు నమూనాలుగా దాచిన నూలు చుట్టల, అదే చిలపల, కట్ట ఒక చంకలో, మేకపిల్లను ఇంకో చంకలో ఇరికించుకుని ఇంటికొచ్చాడు.

"పని పోయి వస్తూ దీన్నెక్కడ తెచ్చారండీ?" అంది భార్య.

"మహారాణిని పట్టుకుని దీన్నీ దాన్నీ అంటావేమిటే?" అన్నాడు.

ఆ పేరే దానికి ఖాయమైపోయింది. ఇది తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఇప్పుడు కొట్టంలో ఎనిమిది మేకలున్నాయి. మహారాణి పోగా మిగతా ఏడూ దాని సంతానమే: కూతుళ్ళు, మనవరాళ్ళు, పొగరుమోతు మనవడొకడు. వాళ్ళంతా కొట్టంలో పడుకుంటే మహారాణి మాత్రం వసారాలో మేస్త్రి మంచం కింద పడుకునేది. మేస్త్రి చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడితే ఇల్లెగిరిపోయేలా అరిచేది. ముప్పై ఎనిమిదేళ్ళ పని ఒక్కపూటలో పోయిన మనిషి ఆ రోజుల్లో పిచ్చెక్కకుండా ఉన్నాడంటే అదిగో, ఆ నల్ల ముఖం చలవే. పైకి ఎన్నడూ అనలేదు గానీ, దానికేమైనా అయితే తను బతకడం కష్టమని ఆయనకు తెలుసు.

ఆ ఏడు వానలు వెలిసేసరికి కొట్టం మొత్తం జబ్బుపడింది. మేత ముట్టవు, ముట్టినా ఒంటబట్టదు. పేడ జారుడు. వెంట్రుక గరుకెక్కి నిలబడిపోయింది. రెండింటికి దవడ కింద నీటి సంచుల్లా వేలాడాయి, అందులో మహారాణి ఒకటి. మేస్త్రికి అన్నం సయించలేదు. పశువుల డాక్టరమ్మకు కబురు పెట్టాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మోకాళ్ళ దాకా బురదతో మోటారు సైకిలు దిగింది. ఒక్కొక్క మేకనూ పట్టుకుని, పైరెప్ప మీద బొటనవేలుతో కొంచెం అదిమి, కింది రెప్పను మెల్లగా జార్చి లోపల చూసింది.

"కడుపులో రక్తం తాగే నట్టలు పడ్డాయి మేస్త్రిగారూ. ఈ కాలంలో గడ్డి మొదట్లో ఉంటాయి, మేతతోపాటు లోపలికి పోతాయి. రక్తం పల్చబడితే ఇదిగో, దవడ కిందకి ఇలా నీరు దిగుతుంది."

"మందు పోస్తే పోతాయా తల్లీ?"

"పోతాయి. మళ్ళీ వస్తాయి. అదొక్కటే కాదు, ఒంట్లో లవణాలు కూడా తగ్గాయి. చూడండి, నల్ల మేకలు కాస్తా ఎర్రబారిపోయాయి. రంగు వెలిసింది."

మేస్త్రికి ఎక్కడో గుచ్చుకుంది. "రంగు వెలిసిందా? అమ్మాయ్, నా చేతి కింద రంగు వెలిసిందన్న మగాడు ఇంతవరకు పుట్టలేదు."

"నేను ఆడదాన్ని కదండీ" అని నవ్వేసింది డాక్టరమ్మ. ఆవిడకు అంత తీరిక లేదు. పాలిపోయిన ఆరింటికి తనే నట్టల మందు పోసింది. సూది లేని సిరంజిలోకి మందు తీసి, నోటి మూల నుంచి నాలుక వెనక్కి జార్చడం భార్యాభర్తలిద్దరికీ చూపించింది. గొర్రెకు పోసే కొలత మేకకు చాలదని, ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి బరువు చూసుకుని తను రాసిచ్చిన లెక్క ప్రకారమే పొయ్యాలని చెప్పింది. తవుడులో కలిపే లవణాల పొడి, కొట్టంలో వేలాడదీసే లవణాల ఇటుక, మందు సీసా ఇచ్చింది. చివరికి సంచిలోంచి ఒక కార్డు తీసింది. దాని మీద అయిదు గళ్ళు, ముదురు ఎరుపు నుంచి తెలుపు దాకా.

"వారానికోసారి రెప్ప లోపల చూసి ఈ కార్డుతో పోల్చండి. పై రెండు గళ్ళయితే మందు జోలికి పోకండి. కింది రెండయితే ఆ రోజే పొయ్యండి. మధ్యదయితే నాకు ఫోన్ చెయ్యండి. అన్నిటికీ ఊరికే పోశారో, నట్టలు మందుకు అలవాటుపడి మొండికేస్తాయి. రేపు ఏం పోసినా చావవు."

మేస్త్రి ఆ కార్డు వంక చూసి నవ్విన నవ్వు మీరు చూసి ఉండాల్సింది. "నాకు కార్డా తల్లీ? చేపపిల్లకు ఈత నేర్పుతున్నావా?"

కార్డు తీసుకోలేదు. డాక్టరమ్మ భుజాలెగరేసి దాన్ని గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. గాలికి పోతుందని భార్య తీసి తవుడు డబ్బా మూత కింద దాచింది.

ఆ తర్వాత రోజులు నిజంగా కలలాగే గడిచాయి. భార్య తవుడులో లవణాల పొడి, కాస్త బెల్లం నీళ్ళు కలిపి ముద్ద చేసేది. మేకలు మూతులు ముంచి తిని, గడ్డాలకు తవుడు పూసుకుని తిరిగేవి. కొట్టం మధ్య తాడుకు వేలాడే ఇటుక చుట్టూ చేరి, కళ్ళు అరమూతలు వేసి, గంటలకొద్దీ నాకేవి. ఆ చప్పుడు వింటూ మేస్త్రి వసారాలో మంచం మీద పడుకునేవాడు. తడి నాలుకలు, మధ్యమధ్య గంట గలగల, ఎండలో లేచే గడ్డి వాసన. మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు ఎప్పుడు పట్టేదో ఎప్పుడు వదిలేదో ఆయనకే తెలిసేది కాదు. ఇటుక మీద నాకిన చోట గుంటలు పడి, గుంటలు నున్నబడి, ఇటుక నానాటికీ సన్నమైంది.

ఆదివారం తెల్లవారుజామున రెప్పల పరీక్ష. ఎండెక్కితే మేస్త్రికి కళ్ళు జిగేలుమని ఏమీ ఆనేది కాదు, అందుకని సూర్యుడు గోడ మీదికి వచ్చీరాని వేళకే మొదలుపెట్టేవాడు. భార్య తాడు పట్టుకుని వెనకాల నిలబడేది. ఆ ఎర్రటి వెలుతురులో ఒక్కొక్క రెప్పా జార్చి, "ఎర్రగా ఉంది, వదిలెయ్. ఇది కూడా ఎరుపే. ఆహా, దీనిదైతే దానిమ్మ గింజ!" అని తీర్పులిచ్చేవాడు.

మొదటి వారమే భార్య నసిగింది. "అది కాస్త తెల్లగా ఉన్నట్టుందండీ."

"తెలుపా? తెలుపులెన్ని ఉన్నాయో తెలుసా నీకు? పాల తెలుపు, గంజి తెలుపు, ఎముక తెలుపు, సున్నం తెలుపు... ఇందులో ఏదీ అది?"

ఆవిడ ఇంకో మేక తాడు అందుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి ఎవరు గెలిచారు?

విచిత్రమేమిటంటే, మేకలు కోలుకున్నాయి. రెండు నెలలు తిరిగేసరికి కొట్టంలో ఏడింటికి ఏడూ నిగనిగలాడాయి. పొగరుమోతు మనవడు తొట్టి గట్టెక్కి దూకడం మొదలెట్టాడు. మేస్త్రి వాటి వీపుల మీద చెయ్యి వేస్తే వెంట్రుక జారిపోయేది. "నట్టల మందు మళ్ళీ చుక్క ముట్టకుండా, ఒట్టి లవణాలతో, నా చూపుతో బాగుచేశాను" అని కూతురికి ఫోన్‌లో చెప్పుకుని మురిసిపోయాడు. భార్య లోపల గిన్నెలు కాస్త గట్టిగా సర్దింది.

ఒక్క మహారాణే బాగుపడలేదు. తగ్గిన దవడ సంచి మళ్ళీ దిగింది. వెంట్రుక కొబ్బరి పీచులాగే ఉండిపోయింది. దాని రెప్ప మేస్త్రి వారానికొకసారి కాదు, రోజూ చూసేవాడు. ఎర్రగానే ఉంది కదా, మరేమిటి దీని బాధ? లవణాల ముద్ద తన చేత్తో తినిపించేవాడు. రెండు పిడికెళ్ళు తిని మొహం తిప్పుకునేది. వయసైపోయిందేమో అనుకున్నాడు. అనుకోగానే ఆ ఆలోచన తోసేశాడు.

తొమ్మిదో ఆదివారం మహారాణి లేవలేదు.

మంచం కిందనుంచి లాగితే లాగించుకుంది. కాళ్ళు మడిచి, మెడ నేలకానించి, చాప మీద అలాగే ఉండిపోయింది. మేస్త్రి పక్కన కూలబడి రెప్ప జార్చాడు. ఎరుపే. చుట్టూ వెలుతురు మెత్తగా, తేనె రంగులో ఉంది. ఆ తేనెలోంచి దాని కన్ను ఆయన్నే చూస్తోంది. ఏదో తప్పుతోందని అప్పుడనిపించింది. ఏం తప్పుతోందో అంతుబట్టలేదు.

కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. రంగు మీద పేచీ వస్తే ఎవడూ నోటితో తేల్చకూడదు, నమూనా చిలప తెచ్చి పక్కన పెట్టి చూడాలి. ఎంత పెద్ద మేస్త్రయినా సరే. కొత్తగా చేరినవాళ్ళకు ఈయనే ఆ పాఠం చెప్పేవాడు. ఈ రెండు నెలల్లో అది తనకు ఒక్కసారైనా గుర్తురాలేదు. మేస్త్రి లేచి లోపలికి పోయి, పెట్టె అడుగునుంచి నమూనాల కట్ట తీశాడు. పొగలు కమ్మిన కార్ఖానాలో చేతితో తడిమి పట్టుకునే వీలుగా ఒక్కొక్క రంగు చిలపకు ఒక్కో లెక్కన ముళ్ళు వేసి ఉంటాయి. ఎరుపుకు ఒకటి, పసుపుకు రెండు. అద్దకానికి ముందు ఉడికించి తెల్లబరిచిన నూలుకు మూడు. మూడు ముళ్ళ చిలప వేళ్ళతో వెతికి తెచ్చి మహారాణి రెప్ప పక్కన పెట్టాడు.

రెండూ ఒకటే రంగు.

చిలప కూడా అదే లేత ఎరుపులో, అదే తేనెలో ఉంది. పొరపాటున వేరేది తెచ్చానా అనుకుని ముళ్ళు లెక్కపెట్టాడు. మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడే. తన చేత్తో ఉడికించిన నూలు, తన చేత్తో వేసిన ముళ్ళు. వేళ్ళు తెలుపంటున్నాయి, కళ్ళు కాదంటున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళలో తన వేళ్ళు ఎన్నడూ అబద్ధమాడలేదు.

మేస్త్రి పెరటి వైపు చూశాడు. గంజిలో ముంచిన గోడలు. దీపం చుట్టూ పళ్ళెమంత వెలుగు. ఇది మంచు కాదన్నమాట. తన సంగతి తర్వాత. ఇది తెలుపైతే, మహారాణి రెప్ప కూడా తెలుపే.

"ఏమే!" అని ఆయన వేసిన కేకకు భార్య చేతి తడి తుడుచుకోకుండానే పరుగెత్తుకొచ్చింది.

"మందు సీసా తీసుకురా. ఆ కార్డు కూడా ఎక్కడుందో చూడు. దీని రెప్ప ఏ గడిలో ఉందో నువ్వు చూసి చెప్పు."

ఆవిడ రెప్ప వైపు కూడా చూడలేదు. "నిన్నటికే చివరి గడి" అంది. "పోయిన ఆదివారం దాని పై గడిలో ఉంది."

"నువ్వెప్పుడు చూశావ్?"

"మీరు చూసినప్పుడల్లా. మీ వెనకాల నిలబడి."

సీసా తెచ్చి చేతిలో పెట్టింది. తేలిగ్గా ఉంది. మేస్త్రి ఊపి చూశాడు. అడుగున ఎక్కడో కాస్త కదిలింది. ఒక్క చుక్క ముట్టని సీసా ఇలా ఎందుకుంది?

"మిగతావాటికి నేనే పోశానండీ" అంది ఆవిడ, గోడకు చెబుతున్నట్టు. "మధ్యాహ్నం మీరు పడుకున్నాక. కార్డు పెట్టి చూసుకుని, టేపుతో కొలిచి, తెల్లబడ్డవాటికే పోశాను. ఎక్కువ తక్కువలు చెయ్యలేదు."

"మరి దీనికి?"

"ఇది మీ మంచం కింద ఉంటుంది. ఒకసారి పొయ్యబోతే గోలపెట్టింది, మీరు లేచారు. చీపురు కోసం వచ్చానన్నాను."

మేస్త్రికి గుర్తుంది. చీపురుకు వేళా పాళా లేదా అని విసుక్కుని అటు తిరిగి పడుకున్నాడు.

కోపం అరికాలి నుంచి లేచింది. "అంటే రెండు నెలలుగా నన్ను వెర్రివెధవను చేసి ఆడించావన్నమాట! నేను కూతురికి ఫోన్లు చేసి గొప్పలు చెప్పుకుంటూ ఉంటే లోపల కూర్చుని నవ్వుకున్నావ్!"

"నవ్వుకున్నానా?" ఆవిడ గొంతు లేచింది. ఆ ఇంట్లో ఆ గొంతు లేవడం అరుదు. "మొదటి వారమే చెప్పబోయాను. తెలుపులెన్నో తెలుసా అన్నారు. నాకు తెలిసిన తెలుపు ఒక్కటేనండీ, ఒంట్లో రక్తం లేకపోతే వచ్చేది. అది చెబితే మీ కళ్ళ సంగతి చెప్పాలి. రంగులే లోకంగా బతికిన మనిషికి నీకు రంగులు కనబడట్లేదయ్యా అని ఏ నోటితో చెప్పను? మీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. ఊరుకుని ఊరుకుని దీని ప్రాణాల మీదికి తెచ్చాను. తప్పు నాదే, ఏమంటారో అనండి."

ఆవిడ ఏడుస్తోంది. మేస్త్రికి ఆ కన్నీళ్ళు కనబడలేదు, ముక్కు ఎగబీల్చిన చప్పుడుతో తెలిసింది. కోపం వచ్చినంత వేగంగానే దిగిపోయింది. సిగ్గు మిగిలింది, దాని వెనక భయం.

"నీ తప్పు కాదు" అన్నాడు. "చంపుకుంటున్నది నేనే. భయంగా ఉందే. నేను దీని తల పట్టుకుంటాను, నువ్వు పొయ్యి."

ఆవిడ ముందు డాక్టరమ్మకు ఫోన్ కలిపింది. ఈమధ్య బాగా చిక్కిపోయి ఉంటుంది, పాత కొలత పొయ్యకండి, మళ్ళీ టేపు పెట్టి చూడండి అంది ఆ పిల్ల. మేస్త్రి టేపు ఛాతీ చుట్టూ తిప్పి పట్టుకుంటే భార్య అంకె చదివింది. చీటీ చూసి లెక్కకట్టి, సిరంజిలోకి తీసింది. "తల మరీ ఎత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని ఆవిడే ఆయనకు చెప్పింది. ఆయన దాని తల దించి పట్టుకున్నాడు. పరాయి చెయ్యి పడితే కేకలు పెట్టే మహారాణి ఈసారి కిమ్మనలేదు. అరిచి ఉంటే ఎంత బాగుండేదో అని ఇద్దరూ అనుకున్నారు.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చి ఒంటికి రక్తం పట్టడానికి ఇంజెక్షన్ చేసింది. "నాలుగు రోజులు గడిస్తే గండం గట్టెక్కినట్టే. నీళ్ళు కొంచెం కొంచెం పట్టించండి, నడిపించకండి. లవణాల పొడి నాలుక్కి రాస్తూ ఉండండి, తనంతట తను నాకితే మంచి గుర్తు" అంది. మేస్త్రి వంక, ఆయన ఒళ్ళోని తెల్ల చిలప వంక చూసింది. వెళ్ళేటప్పుడు భార్య చేతిలో కంటి ఆసుపత్రి చీటీ ఒకటి పెట్టి వెళ్ళింది.

ఆ నాలుగు రోజులు వసారాయే లోకమైపోయింది. భార్య గంటకోసారి బెల్లం నీళ్ళు చెంచాతో పట్టేది. మేస్త్రి అరచేతిలో పొడి పెట్టుకుని మహారాణి మూతి దగ్గర పట్టుకునేవాడు. అది ముట్టేది కాదు. వేలితో తీసి నాలుకకు రాస్తే మింగేది, అంతే. ఎండ వసారాలోకి వచ్చేది, మంచం కోళ్ళ దాకా పాకేది, వెనక్కి పోయేది. మంచు కాదని తెలిసినా ఆయన కళ్ళకు అది మంచులాగే ఉంది. ఆ మెత్తటి వెలుగులో మహారాణి ఒక నల్లటి కుప్ప, దాని ఊపిరి ఒక చిన్న కదలిక. కదలిక ఆగిందేమోనని నిమిషానికోసారి పక్కటెముకల మీద చెయ్యి వేసి చూసుకునేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పొడి ఉన్న చెయ్యి అలాగే చాచి చాప మీద ఒరిగాడు. ఒరిగీ ఒరగకముందే కార్ఖానాలో ఉన్నాడు. తొట్లన్నీ పొగలు కక్కుతున్నాయి. తెల్ల చిలప ఎర్ర తొట్టిలో ముంచి తీశాడు, తెల్లగానే వచ్చింది. నీలంలో ముంచాడు, తెల్లగానే వచ్చింది. తొట్టి నిండా రంగుంది, మోచేతుల దాకా అంటుకుంటోంది, నూలుకే పట్టడం లేదు. చిలపలు ఒకదాని తర్వాత ఒకటి తెల్లగా బయటికొచ్చి దండేల మీద ఆరుతున్నాయి, కనుచూపు మేర. "ఉప్పు వెయ్యలేదు మేస్త్రీ" అన్నారెవరో. వెనక్కి తిరిగి చూస్తే బస్తాల మీద నల్ల మేకపిల్ల కూర్చుని ఉంది. "తొందరేముందండీ, నన్ను తీరిగ్గా నాకనివ్వండి" అంది, అచ్చం ఆయన భార్య గొంతుతో. ఆయనకు అది వింతగా కూడా అనిపించలేదు. సరే, నాకు తల్లీ, నీ ఇష్టం, అన్నాడు.

అరచేతిలో ఏదో గరుకుగా, వెచ్చగా కదులుతోంది. కళ్ళు తెరిచాడు. కల పోయింది గానీ కదలిక పోలేదు. మహారాణి మెడ చాపి ఆయన చేతిలోని లవణాల పొడి నాకుతోంది. ముందు మెల్లగా, తర్వాత ఆత్రంగా, వేళ్ళ సందులు కూడా వదలకుండా. మేస్త్రి చెయ్యి కదపలేదు. భార్యను పిలవబోయాడు. ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

తర్వాత రోజు లేత కొమ్మ ఒకటి పూర్తిగా తింది. ఆ మర్నాడు భార్య ఒక పక్క, భర్త ఒక పక్క కడుపు కింద చేతులు వేసి లేపితే నిలబడింది. రెండో నిమిషంలో "ఇక చాలు, వదలండి" అన్నట్టు విదిలించుకుని నాలుగడుగులు వేసి, గోడకానుకుంది. ఆ తర్వాత వారం దవడ కింద సంచి జారిపోయింది. డాక్టరమ్మ చెప్పింది, రెప్పకు రంగు రావాలంటే ఇంకా రెండు మూడు వారాలు పడుతుంది, కంగారు పడకండి అని. కంగారు పడలేదు. కంటి ఆసుపత్రికి కూడా భార్య వెంట నోరు మూసుకుని వెళ్ళాడు. వచ్చే నెలలో ఒక కన్ను, ఆపైన రెండోది అని తారీఖులు రాయించుకొచ్చారు. "నాన్న గొడవ పెట్టలేదా?" అని కూతురు ఫోన్‌లో నమ్మలేకపోయింది.

మూడు వారాల తర్వాతి ఆదివారం వచ్చింది. రెప్పల పరీక్ష తెల్లవారుజామున మానేశారు. రంగులు చూడాల్సింది మిట్టమధ్యాహ్నం, నీడ పట్టున అని మేస్త్రే చెప్పి వేళ మార్చాడు. కొట్టంలో ఏడింటినీ భార్య చూసేసింది, కార్డుతో పోల్చి, ఒకదానికే మందు కొలిచింది. మహారాణిని ఆఖరికి ఉంచుకున్నారు. మేస్త్రి పీట మీద కూర్చుని దాని తల మోకాళ్ళ మధ్య పట్టుకున్నాడు. బొటనవేలితో రెప్ప మెల్లగా జార్చాడు. ఆయనకు కనబడింది తేనె రంగే. ఎంతసేపు చూసినా తేనె రంగే.

"ఏం రంగే?" అన్నాడు.

ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట ఎవరినీ అడగలేదు. భార్య కాసేపు ఆయన వంకే చూసింది. తర్వాత ఒంగి రెప్పను చూసింది. కార్డు చేతిలోనే ఉంది గానీ ఎత్తలేదు.

"గులాబీ రంగు."

"ఏ గులాబీ? గులాబీలు పదకొండున్నాయి" అన్నాడు. వెక్కిరింపు కాదు. తెలుసుకోవాలని అడిగాడు.

ఆవిడకు ఆ పదకొండింటి పేర్లూ తెలియవు. మహారాణి కన్ను ఆర్పకుండా ఓపిగ్గా నిలబడింది. ఆవిడ ఇంకాస్త ఒంగి, మళ్ళీ చూసి, ఆలోచించి, మెల్లగా చెప్పింది.

"మన పిల్ల పుట్టిన రోజు, తెల్లగుడ్డలో చుట్టి మీ చేతిలో పెట్టారు చూడండి. గుడ్డ తొలగి ఒక కాలు బయటికొచ్చింది. ఆ అరికాలి రంగు."

మేస్త్రి రెప్ప వదిలేశాడు. మహారాణి తల అలాగే పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ రంగు ఆయనకు స్పష్టంగా, ఏ మంచూ లేకుండా కనబడింది.

"అయితే మందు అక్కర్లేదు" అన్నాడు.